వైతాంగి ఒప్పందంతో మావోరీలు సార్వభౌమాధికారాన్ని వదులుకున్నారా?

మావోరీ భాషలో ఉన్న ప్రతి ప్రకారం వదులుకోలేదు. న్యూజిలాండ్‌లో అక్కడి మూలవాసులైన మావోరీల నాయకులకూ బ్రిటిష్ రాణికీ మధ్య కుదిరి, 1840 ఫిబ్రవరి 6న సంతకాలు మొదలైన ఈ ఒప్పందానికి రెండు ప్రతులున్నాయి, చిక్కంతా అక్కడే. ఇంగ్లీషు ప్రతి సార్వభౌమాధికారం మొత్తాన్ని బ్రిటిష్ రాణికి దఖలుపరుస్తుంది. మావోరీ ప్రతి ఇచ్చింది 'కావనతంగ', అంటే గవర్నరు చేసే పాలన మాత్రమే. భూముల మీద, ఊళ్ల మీద నాయకుల పెత్తనం వారిదేనని అదే ప్రతి హామీ ఇచ్చింది. పైగా, 1835లో మావోరీ నాయకులు చేసిన స్వాతంత్ర్య ప్రకటనలో సార్వభౌమాధికారాన్ని చెప్పడానికి 'మన' అనే మావోరీ మాట వాడారు. అయిదేళ్ల తర్వాత ఒప్పందంలో ఆ మాటే కనిపించదు! మావోరీ ప్రతి ఇంగ్లీషుకు ఉత్త అనువాదమేనని చాలామంది పొరబడతారు. నిజానికి సంతకాలు చేసిన సుమారు 540 మందిలో అత్యధికులు చేసింది మావోరీ ప్రతి మీదనే. ఉత్తరాది మావోరీ నాయకులు సార్వభౌమాధికారం వదులుకోలేదని, ఒప్పంద ఉల్లంఘనల మీద ఫిర్యాదులు విచారించే వైతాంగి ట్రిబ్యునల్ 2014లో తేల్చింది. దానికి ప్రభుత్వం కట్టుబడి తీరాలని లేదు, అది వేరే సంగతి.