ముందు లాక్ చూడు, రెజిమెంటు పేరు తర్వాత

చి. కిరణ్‌కు మామయ్య ఆశీస్సులు.

బర్మింగ్‌హామ్ వేలంలో ఉన్న పిస్తోలు ఫొటోలు చూశాను. "అసాయే యుద్ధంలో 19వ లైట్ డ్రాగూన్లు వాడినది" అన్న మాటకే నువ్వు పడిపోయావని తెలుస్తూనే ఉంది. ధర పెంచేదీ ఆ మాటేరా. డ్రాగూన్లంటే బ్రిటిష్ గుర్రపు దళం, అసాయే అంటే మరాఠాలతో వాళ్లు చేసిన యుద్ధం.

నీ రెండో ఫొటో మళ్లీ చూడు. లాక్ అంటే మందు అంటించే యంత్రం; దాని పలక మీద కిరీటం పట్టుకుని నిలబడ్డ సింహం ఉంది. అది ఈస్టిండియా కంపెనీ గుర్తు, 1808 నుంచి వేసింది. అంతకుముందు నాలుగు గళ్ల హృదయం గుర్తుండేది. అసాయే జరిగింది 1803 సెప్టెంబరు 23న. ఇంకేం అసాయే! ఆ రెజిమెంటు గొప్పదే, కాదనను. 1806లో సిపాయిలు తిరగబడినప్పుడు ఆర్కాటు నుంచి వెల్లూరుకు పరుగెత్తుకెళ్లింది వాళ్లే. కానీ ఆ ఘనత ఈ పిస్తోలుకు అంటదు. కంపెనీ పిస్తోలు అనుకుని, ఆ ధరకే వస్తే తీసుకో.

వేలానికి ముందు చూడనిస్తారు, తప్పక వెళ్లు. మ్యూజియంలో ఆయుధాలు చూసుకున్న రోజుల్లో మేం మొదట చేసే పని చెబుతా: సన్నటి చెక్కపుల్ల గొట్టంలోకి దించి, మూతి దగ్గర గీత పెట్టుకుని, బయటికి తీసి, ఆ గీత మూతికి సరిపోయేలా గొట్టం పక్కన ఆనించు. పుల్ల కొన నిప్పురంధ్రం (లోపలి మందుకు నిప్పు అందే చిల్లు) దాకా రాకుండా ముందే ఆగిందంటే లోపల పాత మందూ గుండూ ఉండొచ్చు. ఇక ముట్టుకోకు, వాళ్లకు చెప్పు.

తర్వాత మందు పోసే పళ్లెం, నిప్పురంధ్రం. 1830ల తర్వాత చెకుముకి రాయి నిప్పురవ్వతో పేలే పిస్తోళ్లను చాలావాటిని, చిన్న పేలుడు మూత మీద సుత్తి కొట్టే క్యాప్ పద్ధతికి మార్చారు. వాటినే తర్వాతివాళ్లు మళ్లీ చెకుముకికి తిప్పి అమ్ముతారు. రంధ్రం చుట్టూ ఇనుము రంగు తేడాగా ఉన్నా, అతుకు కనిపించినా అనుమానించు.

గొట్టం తొమ్మిది అంగుళాలు ఉందా, మందూ గుండూ దట్టించే కడ్డీ, రామ్‌రాడ్, మడత బందుతో గొట్టానికే తగిలించి ఉందా చూడు. గుర్రం మీద చేయి జారినా కింద పడకూడదని ఆ ఏర్పాటు.

రెజిమెంటు అక్షరాలు చివరికి, భూతద్దంతో. పాత చెక్కుడైతే అంచులు అరిగి, లోతులో నలుపు చుట్టుపక్కల ఇనుములాగే ఉంటుంది. తుప్పు గుంటల్ని కోసుకుంటూ అక్షరం పోయిందంటే నిన్నమొన్న చెక్కిందే.

కొన్నాక పాలిష్ మాత్రం పెట్టకు. ట్రిగ్గర్ నొక్కి ఊరికే కొట్టించకు, పాత స్ప్రింగు విరుగుతుంది. సామాన్లో పెట్టుకుని హైదరాబాద్ విమానం ఎక్కేవు, అదీ వద్దు.

లాక్ లోపలి వైపు ఫొటో తీయనిస్తే పంపు. ధర సంగతి మీ అమ్మకు నువ్వే చెప్పుకో.

మీ మామయ్య