సెలవులతోపాటే అతనూ వెళ్లిపోయాడు.. తిండీ నిద్రా లేవు, ఇది డిప్రెషనా?

ప్రశ్న: నాకు ఏప్రిల్‌లో 18 నిండాయి. ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీలో చదివాను. ఈఏపీసెట్ రాశాక సఖినేటిపల్లి దగ్గర అమ్మమ్మ వాళ్ల ఊరు వెళ్లాను. పక్కింటివాళ్ల బంధువు, విశాఖలో బీటెక్ చదివే అబ్బాయి సెలవులకు అక్కడికే వచ్చాడు. మాటలు కలిశాయి, ఇష్టపడ్డాం. ఆ నెలరోజుల్లో నేను నేనే కాదన్నట్టు మారిపోయాను. స్కూటీ నేర్చుకున్నా. ఒక్కదాన్నే పంటు ఎక్కి గోదావరి దాటి నర్సాపురం వెళ్లొచ్చా. అమ్మమ్మ దగ్గర లేసు అల్లడం నేర్చుకున్నా, ఇప్పటికీ సూది పట్టుకుంటే గంటలు తెలియవు. ఎవరితోనైనా బెరుకు లేకుండా మాట్లాడగలిగా. అతను కాలేజీకి వెళ్లిపోయి నెల దాటింది. మొదట్లో రోజంతా మెసేజ్‌లు, ఇప్పుడు రెండు రోజులకొకటి. రాత్రి రెండు దాటినా నిద్ర రాదు. గుండె దడ. అన్నం దిగడం లేదు. 50 కిలోలు ఉండేదాన్ని, 47కి వచ్చాను. పీరియడ్ 12 రోజులు ఆలస్యమైంది. బాత్రూమ్‌లో ఏడుస్తున్నా. వెబ్ ఆప్షన్లలో విశాఖ కాలేజీలే పెట్టాలనిపిస్తోంది. ఇది డిప్రెషనా? మాత్రలు వాడాలా? అమ్మకు చెప్పాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేసిన విషయంతోనే మొదలుపెడతాను. పీరియడ్ 12 రోజులు ఆలస్యమైందన్నారు. మీ ఇద్దరి మధ్య ఏం జరిగిందో మీరు రాయలేదు, రాయాల్సిన అవసరమూ లేదు. కానీ గర్భం వచ్చే అవకాశం ఏ కాస్త ఉన్నా, ఇవాళే మెడికల్ షాపులో ప్రెగ్నెన్సీ కిట్ తెచ్చుకుని రేపు పొద్దున్న లేవగానే వచ్చే మొదటి యూరిన్‌తో పరీక్ష చేసుకోండి. నెలసరి తేదీ దాటి వారం పైనే అయింది కాబట్టి ఫలితం చాలావరకు నమ్మొచ్చు. నెగటివ్ వచ్చి, ఇంకో వారానికి కూడా నెలసరి రాకపోతే మళ్లీ ఒకసారి చేయండి. పాజిటివ్ వస్తే భయపడి దాచుకోకుండా గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. మీకు 18 నిండాయి. మీ అనుమతి లేకుండా ఆ సంగతి డాక్టర్ మీ ఇంట్లోవాళ్లకు చెప్పకూడదు.

అసలు అలాంటి అవకాశమే లేదంటే, మీరు రాసిన మిగతా లక్షణాల్లోనే కారణం కనిపిస్తోంది. తిండి తగ్గి, నిద్ర చెడి, ఒంట్లో బరువు పడిపోయినప్పుడు మెదడులోని హైపోథాలమస్ నుంచి అండాశయాలకు అందాల్సిన సంకేతాలు మందగిస్తాయి. అండం విడుదల ఆలస్యమవుతుంది, దాంతో నెలసరీ వెనక్కి జరుగుతుంది. పరీక్షల ముందు మీ హాస్టల్లో ఎంతమందికి డేట్ తప్పిందో మీకు గుర్తుండే ఉంటుంది. తిండీ నిద్రా దారిలో పడితే చాలామందికి ఇది దానంతటదే సర్దుకుంటుంది.

గుండె దడను మాత్రం పూర్తిగా ప్రేమ మీదకు తోసేయకండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. రెండేళ్లు హాస్టల్ తిండి తిని, ఇప్పుడు అది కూడా మానేసిన అమ్మాయికి హీమోగ్లోబిన్ తక్కువ ఉండడంలో ఆశ్చర్యమేమీ లేదు. రక్తం తక్కువైనా గుండె దడదడలాడుతుంది, నీరసం వస్తుంది, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా దడ, నిద్రలేమి, బరువు తగ్గడం, నెలసరి తేడాలు అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. మీకున్న లక్షణాలు దాదాపు ఇవే. అందుకే రక్తహీనత తెలిసే సీబీపీ, థైరాయిడ్ పనితీరు తెలిసే టీఎస్‌హెచ్ అనే రెండు రక్తపరీక్షలు ఈ వారంలోనే చేయించుకోండి. మనసు బాధ అనుకుని థైరాయిడ్‌ను నెలల తరబడి గమనించకుండా వదిలేసినవాళ్లు ఉంటారు. ఆ పొరపాటు మీ విషయంలో జరగకూడదు.

ఇక మీరు అడిగిన ప్రశ్న. డిప్రెషన్ అని చెప్పాలంటే కనీసం రెండు వారాలపాటు దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువసేపు దిగులు గానీ, దేని మీదా ఆసక్తి లేకపోవడం గానీ ఉండాలి. దాంతోపాటు నిద్ర, ఆకలి, బరువు, ఏకాగ్రత, తనమీద తనకున్న విలువ.. ఇలాంటివాటిలో కూడా కొన్ని దెబ్బతినాలి. మీకు నిద్ర, ఆకలి పోయాయి. నెలరోజుల్లో 5 శాతం కంటే ఎక్కువ బరువు తగ్గితే మేం దాన్ని లెక్కలోకి తీసుకుంటాం, మీకు 6 శాతం తగ్గింది. ఇవి తేలిగ్గా తీసుకునేవి కావు. కానీ లేసు సూది పట్టుకుంటే ఇప్పటికీ గంటలు తెలియవని మీరే రాశారు. నాకు చాలా ధైర్యం ఇచ్చిన వాక్యం అది. డిప్రెషన్ ముదిరిన మనిషికి ముందుగా పోయేది ఆ ఇష్టమే. ఎంతో ఇష్టమైన పని చేతిలో ఉన్నా చప్పగా ఉంటుంది. మీకు అది పోలేదు. అందుకని ఇది ఎక్కువగా విడిపోవడం వల్ల వచ్చిన దుఃఖంలాగే కనిపిస్తోంది. అయినా ఉత్తరం చదివి పేరు పెట్టేయడం సరికాదు, ఒకసారి ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. బరువు తగ్గడం ఒక్కటి చాలు, మిమ్మల్ని సైకియాట్రిస్టును కలవమని చెప్పడానికి.

ఒక ప్రశ్న సూటిగా అడుగుతాను. చచ్చిపోతే బాగుండునని ఎప్పుడైనా అనిపిస్తోందా? మీరు రాయలేదు, కానీ ఈ వయసులో ఈ బాధతో వచ్చిన ప్రతి ఒక్కరినీ మేం ఇది అడుగుతాం. అనిపిస్తుంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. ఇంట్లో ఎవరో ఒకరికి ఈ క్షణమే చెప్పండి. టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఇది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత సేవ, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇప్పుడు అతని మాట. మెసేజ్ కోసం పదినిమిషాలకోసారి ఫోన్ తీసి చూడడం, రాగానే ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చినట్టుండడం, రాకపోతే ఒళ్లంతా కుంగిపోవడం.. ఇవి మీ మనసు బలహీనమని చెప్పే గుర్తులు కావు. ప్రేమలో తిరస్కారానికి గురైనా ఆ మనిషిని మరిచిపోలేనివాళ్ల మెదళ్లను అమెరికాలో హెలెన్ ఫిషర్ బృందం స్కాన్ చేసి 2010లో ఫలితాలు ప్రచురించింది. ఆ మనిషి ఫొటో చూపించినప్పుడు వాళ్ల మెదడులో చురుకైన భాగాల్లో, కొకైన్ కోసం తహతహలాడేటప్పుడు పనిచేసే భాగాలు కూడా ఉన్నాయి. రోజూ దొరికేది ఆగిపోతే ఒళ్లు అల్లాడుతుంది. అందులోనూ రెండు రోజులకొకటి, ఎప్పుడొస్తుందో తెలియని మెసేజ్ మరీ కష్టం. పూర్తిగా ఆగిపోతే మనసు మెల్లగా అలవాటుపడుతుంది. వస్తుందో రాదో తెలియనప్పుడు ఎదురుచూపు తెగదు.

అందుకే నా సలహా, మెసేజ్‌లలో ఊహించుకుంటూ కూర్చోకుండా ఒకసారి ఫోన్ చేసి మాట్లాడండి. నిలదీయడానికి కాదు. ‘మనం ఏ లెక్కలో ఉన్నాం? ఈ దూరంలో నువ్వు దీన్ని కొనసాగించాలనుకుంటున్నావా?’ అని అడగండి. అతనిదీ చిన్న వయసే. సెలవుల్లో నిజంగానే ఇష్టపడి ఉండొచ్చు, కాలేజీకి వెళ్లాక అక్కడి రోజుల్లో పడిపోయి ఉండొచ్చు. రెండూ నిజం కావచ్చు, దీనికి అతన్ని చెడ్డవాణ్ని చేయక్కర్లేదు. ‘చూద్దాంలే’ అన్నాడంటే, ప్రస్తుతానికి అది కాదనే అనుకుని నడుచుకోండి. ఆ తర్వాత కొన్ని వారాలు అతని స్టేటస్‌లు, ఫొటోలు కనిపించకుండా మ్యూట్‌లో పెట్టండి. బ్లాక్ చేయాల్సిన పని లేదు. నిద్రపోయే ముందు చేతికి అందకపోతే చాలు.

మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు ఒకటి గమనించాను. అతను ఎలా ఉంటాడో, ఏం మాట్లాడాడో, ఏం ఇష్టమో మీరు దాదాపు ఏమీ రాయలేదు. స్కూటీ గురించి రాశారు, పంటు గురించి రాశారు, లేసు గురించి రాశారు, బెరుకు పోవడం గురించి రాశారు. అన్నీ మీరు చేసినవే. ఎరిక్ ఎరిక్సన్ అనే మానసిక విశ్లేషకుడు 1950లోనే ఈ సంగతి పట్టుకున్నాడు. టీనేజీలో ప్రేమ చాలావరకు ‘నేనెవరు’ అని తేల్చుకునే ప్రయత్నమేనని, ఎదుటి మనిషిలో మనల్ని మనం చూసుకుంటూ మెల్లగా ఒక రూపానికి వస్తామని ఆయన అన్నాడు. అంత మాత్రాన మీ ప్రేమ అబద్ధం అయిపోదు. కానీ మీరు పోతుందని భయపడుతున్నది అతను ఒక్కడే కాదని నాకు అనిపిస్తోంది. ఆ నెలలో బయటికొచ్చిన అమ్మాయి కూడా అతనితోపాటే వెళ్లిపోయిందని మీ భయం.

కాస్త వెనక్కి వెళ్లి చూడండి. రెండేళ్లు పొద్దున ఆరింటికి లేపి, రాత్రి పదింటిదాకా స్టడీ అవర్లో కూర్చోబెట్టారు. ఎప్పుడు తినాలో, ఎప్పుడు పడుకోవాలో గంట కొట్టి చెప్పారు. ఏం ఇష్టమని అడిగినవాళ్లు లేరు, అడిగినా జవాబు చెప్పడానికి మీకూ తెలియదు. ర్యాంకు తప్ప ఇంకేదీ మాట్లాడుకోని ఆ పద్ధతి పిల్లలకు ఎంత నష్టం చేస్తోందో ఓపీలో కూర్చుంటే తెలుస్తుంది, ఈ మాట తల్లిదండ్రులు కూడా వినాలని నా కోరిక. అక్కడి నుంచి బయటపడి అమ్మమ్మ ఇంటికి చేరారు. కడుపునిండా తిన్నారు, కంటినిండా నిద్రపోయారు, చేతులతో ఒక పని నేర్చుకున్నారు. అదే సమయంలో ఒకబ్బాయి మిమ్మల్ని ఇష్టంగా చూశాడు. ఆ చూపు మీకు ధైర్యం ఇచ్చింది, కాదనను. కానీ నర్సాపురం రేవులో ఒక్కరే దిగినప్పుడు పక్కన అతను లేడు. లేసులో తప్పు పడిన చోట విప్పి మళ్లీ అల్లింది మీ వేళ్లే. వాటిని అతను తీసుకెళ్లలేదు.

కాబట్టి మందుచీటీలో రాయదగ్గ మాటే చెబుతున్నాను. లేసు రోజూ అల్లండి. స్కూటీ రోజూ తీయండి. ఈ నెలలోనే ఇంకెక్కడికైనా ఒక్కరే వెళ్లిరండి. మనసు బాగున్నప్పుడు చేద్దామని ఆగకండి, ఇవి చేస్తుంటే మనసు మెల్లగా వెనకే వస్తుంది. డిప్రెషన్ చికిత్సలో కూడా మేం ఇదే పద్ధతి వాడతాం. తిండి ఒకేసారి కంచం నిండా పెట్టుకుంటే దిగదు. రెండు గంటలకోసారి కొంచెం.. ఇడ్లీ, పెరుగన్నం, గుడ్డు, అరటిపండు, ఏది దిగితే అది. నిద్ర ఎప్పుడు పట్టినా సరే, పొద్దున లేచే టైమ్ మాత్రం ఒకటే ఉండాలి. మధ్యాహ్నం పడుకోవద్దు. మీ వయసులో ఒంటి గడియారమే కాస్త ఆలస్యంగా నిద్రను పిలుస్తుంది, దానికి ఫోన్ వెలుగు, మెసేజ్ టెన్షన్ తోడైతే రాత్రి రెండు కాక ఏమవుతుంది? ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్ పెట్టి పడుకోండి.

మాత్రల సంగతి సైకియాట్రిస్టు మిమ్మల్ని చూశాకే. అవసరం రాకపోవచ్చు కూడా, వస్తే భయపడాల్సింది లేదు. కానీ ఫ్రెండ్ ఇచ్చిందనో, మెడికల్ షాపులో అడిగితే ఇచ్చారనో అల్‌ప్రజోలంలాంటి నిద్రమాత్ర మాత్రం వేసుకోకండి. అది త్వరగా అలవాటవుతుంది, మానేస్తే నిద్రలేమి, కంగారు ముందుకంటే ఎక్కువవుతాయి.

వెబ్ ఆప్షన్ల గురించి గట్టిగానే చెప్పాలి. అతను ఎప్పుడు పాసవుతాడో లెక్క వేశారా? మీకంటే ముందే అతని చదువు ముగుస్తుంది, ఉద్యోగం ఎక్కడొస్తే అక్కడికి వెళ్తాడు. మీరు మాత్రం నాలుగేళ్లు ఆ కాలేజీలో, ఆ హాస్టల్లో ఉండాలి. ప్రతి కాలేజీ పేరు పక్కనా ఒక ప్రశ్న రాసుకోండి: ‘అతను రేపే ఈ ఊరు వదిలి వెళ్లినా నేను ఇక్కడే చదువుతానా?’ అవునంటే ఆ కాలేజీ విశాఖలో ఉన్నా పెట్టండి, తప్పు లేదు. కాదంటే తీసేయండి. ఆప్షన్లు రాత్రి రెండింటికి ఏడుస్తూ పెట్టకండి. పగలు, అన్నం తిన్నాక, ఇంట్లో ఒకరు పక్కన ఉండగా పెట్టండి.

అమ్మకు చెప్పాలా అన్నారు. ప్రేమ విషయం ఎప్పుడు, ఎంత చెప్పాలన్నది మీ ఇష్టం, మీ ఇంటి వాతావరణం మీకే తెలుసు. ఒంటి సంగతి మాత్రం ఇవాళే చెప్పండి: ‘అమ్మా, నెల నుంచి నిద్ర పట్టడం లేదు, మూడు కిలోలు తగ్గాను, ఒకసారి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు.’ ఇందులో అబద్ధం లేదు, అమ్మ కదలడానికి ఇది చాలు. మిగతాది చెప్పుకోవాలనిపిస్తే అమ్మమ్మతో మొదలుపెట్టి చూడండి. రోజూ పక్కన కూర్చోబెట్టుకుని లేసు నేర్పిన మనిషికి మీ ముఖం చూసి కొంతైనా అర్థమై ఉంటుందని నా అనుమానం.

ఇది చదివే 18 నిండని పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు కూడా ఒక మాట. 18 లోపువాళ్లతో శారీరక సంబంధం, ఇద్దరి ఇష్టంతో జరిగినా, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం నేరమే. ఆ కేసు అబ్బాయి జీవితాన్నీ అమ్మాయి జీవితాన్నీ ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిప్పుతుంది. ఈ విషయం పిల్లలకు ముందే, ఇంట్లోనే, అరవకుండా చెప్పాలి.

మీరు ఈ వారంలో రక్తపరీక్షలు చేయించుకుని, ఆ రిపోర్టులతో జిల్లా ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ ఓపీకి గానీ, దగ్గరలోని సైకియాట్రిస్టు దగ్గరికి గానీ వెళ్లండి. వెళ్లేలోపు మూడు రోజులకోసారి బరువు చూసి తేదీతో సహా రాసి పెట్టుకోండి. 46 కిలోల కిందికి దిగినా, నీళ్లు కూడా దిగకపోయినా, కళ్లు తిరిగి పడిపోయినా వారం దాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

– సైకియాట్రిస్ట్