టవర్ లేని ఘాట్‌లో నీలం చుక్క ఎలా కదిలింది?

ప్రశ్న: ఈమధ్య కారులో లంబసింగి వెళ్తుంటే ఘాట్‌లో సిగ్నల్ పూర్తిగా పోయింది. మ్యాప్ ఖాళీ అయిపోయింది కానీ మేమున్న చోటు చూపించే నీలం చుక్క మాత్రం కదులుతూనే ఉంది. నెట్ లేకుండా అదెలా? శాటిలైట్ మమ్మల్ని పైనుంచి చూస్తూ ఉంటుందా? మధ్యలో ఫోన్ ఆపి ఆన్ చేస్తే చుక్క రావడానికి చాలాసేపు పట్టింది, అదెందుకు?
- ఒక పాఠకుడు, తుని

జవాబు: చూడదండీ, అసలు మీరున్నారన్న సంగతే దానికి తెలియదు. రేడియో పెట్టుకుని వింటున్నదెవరో ఆకాశవాణికి తెలియనట్టే ఇదీనూ. జీపీఎస్ శాటిలైట్లు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ ‘ఇప్పుడు టైమ్ ఇంత, నేను ఫలానా చోట ఉన్నాను’ అని ఆపకుండా చెబుతూ పోతాయి. ఫోన్ విని ఊరుకుంటుంది, పైకి ఒక్క ముక్క కూడా పంపదు. లెక్కంతా లోపలి చిప్పే కడుతుంది కాబట్టి టవర్‌తో పని లేదు. రోడ్ల బొమ్మ నెట్ నుంచి రావాలి, అందుకే అది రాలేదు.

లెక్క ఏమిటంటే, నెత్తిన ఉన్న శాటిలైట్ నుంచి సిగ్నల్ కిందికి రావడానికి సెకనులో సుమారు 15వ వంతు పడుతుంది. ఎంత ఆలస్యంగా వచ్చిందో తెలిస్తే, కాంతి వేగంతో గుణిస్తే దూరం వచ్చేస్తుంది. ఇలా మూడు శాటిలైట్ల దూరాలు తెలిస్తే చాలనిపిస్తుంది గానీ, ఫోన్‌లో ఉన్నది చవక గడియారం, అది ఒక్క మైక్రోసెకను, అంటే సెకనులో పది లక్షలో వంతు, తప్పినా దూరంలో 300 మీటర్లు తేడా కొడుతుంది. అందుకని నాలుగో శాటిలైట్ కూడా కావాలి, దాని సాయంతో ఫోన్ తన గడియారం తప్పును కూడా తేల్చుకుంటుంది. శాటిలైట్లలో ఉండేవి చాలా కచ్చితంగా నడిచే అణు గడియారాలు. ఐన్‌స్టీన్ చెప్పినట్టే అవి పైన రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి, దాన్నీ ముందే సర్ది పంపారు!

ఈ గడియారాలతో మనవాళ్ళూ తిప్పలు పడ్డారు. జీపీఎస్ లాంటిదే మన సొంత నావిక్ వ్యవస్థ, దాంట్లో మొదటి శాటిలైట్ 2013లో వెళ్ళింది, ఆ శాటిలైట్‌లో ఉన్న మూడు అణు గడియారాలూ మూలపడ్డాయి. చివరికి మన దగ్గరే తయారైన రుబీడియం అణు గడియారంతో 2023 మేలో శ్రీహరికోట నుంచి ఎన్‌వీఎస్-01 అనే నావిక్ శాటిలైట్ వెళ్ళింది.

ఇక ఆలస్యం సంగతి. శాటిలైట్ తన కక్ష్య వివరాలను సెకనుకు 50 బిట్ల చొప్పున, నత్తనడకన చెబుతుంది. అవి పూర్తిగా వినాలంటే అర నిమిషం దాకా పడుతుంది, మధ్యలో కొండో చెట్లో అడ్డొస్తే తప్పిపోయిన ముక్క మళ్ళీ వచ్చేదాకా ఆగాలి. ఊళ్ళో ఉన్నప్పుడు ఫోన్ ఆ వివరాలను నెట్ నుంచే తెచ్చేసుకుంటుంది, అందుకే క్షణాల్లో చుక్క వస్తుంది.

ఎవరో చూస్తున్నారన్న టెన్షన్ ఉంటే ఫోన్‌లో ఏయే యాప్‌కి లొకేషన్ పర్మిషన్ ఇచ్చారో ఒకసారి చూసుకోండి, మీరున్న చోటును నెట్‌లో బయటికి పంపగలిగేవి అవే. ఈసారి కొండెక్కే ముందు నర్సీపట్నంలోనే ఆ ప్రాంతం మ్యాప్ డౌన్‌లోడ్ చేసేసుకోండి. చుక్క రాకపోతే కారు దిగి, ఆకాశం బాగా కనిపించే చోట ఒకట్రెండు నిమిషాలు నిలబడండి.