చీకట్లో గట్టిపడిన ప్లేటు

ప్రశ్న: మా నాన్నగారు చెన్నై తిరువల్లిక్కేణిలో చిన్న లితో ప్రెస్సు (చదునైన రాయి లేదా లోహపు ప్లేటు మీద నుంచి సిరాతో అచ్చువేసేది) నడిపేవారు. జింకు ప్లేటు మీద కోడిగుడ్డు తెల్లసొన, అమ్మోనియం డైక్రోమేటు కలిపిన పూత పూసి, ఆరాక నెగెటివ్ పెట్టి వెలుగు చూపించేవారు. ఆయన నోటుపుస్తకం చూసి గత ఫిబ్రవరిలో నేను చేసిన ప్లేట్లు చక్కగా వచ్చాయి. నవంబరు వానల్లో అవే కొలతలతో రాత్రి పూసి, చీకటి గదిలో ఉంచి, మర్నాడు వెలుగు చూపిస్తే, ఎంత కడిగినా పూత వదలలేదు, ప్లేటంతా సిరా పట్టింది. గదిలోకి వెలుతురు చొరబడే సందు లేదు. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: మీ గదిని అనుమానించనక్కరలేదు, ప్లేటును రాత్రంతా ఉంచడమే పొరపాటు. డైక్రోమేటులో ఆరు వేలన్సీతో (వేలన్సీ అంటే రసాయన బంధాల లెక్క) ఉన్న క్రోమియం, వెలుగు సోకినప్పుడు మూడు వేలన్సీకి దిగి, తెల్లసొనలోని ప్రోటీను గొలుసులను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. ముడిపడిన చోట పూత నీటికి కరగక సిరాను నిలుపుకొంటుంది, మిగిలిన చోట కడగగానే పోతుంది. కాగితం మీద డైక్రోమేటుకు వెలుగు తగిలితే మార్పు వస్తుందని 1839లో స్కాట్లాండుకు చెందిన మంగో పాంటన్ గమనించగా, 1855లో ఫ్రాన్సులో అల్ఫోన్స్ పోయితవాఁ ఆ గుణాన్ని లితో రాయి మీద ముద్రణకు మలిచారు.

అయితే ఈ ముడిపడటం చీకట్లోనూ నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది. వేడి, ముఖ్యంగా గాలిలోని తేమ, దాన్ని బాగా వేగిరపరుస్తాయి. పైగా తేమ పట్టిన పూత వెలుగుకు కూడా త్వరగా లొంగుతుంది కనుక, ఫిబ్రవరిలో సరిపోయిన వెలుగు ఈశాన్య రుతుపవనాల నాటికి ఎక్కువవుతుంది. నాన్నగారి పుస్తకంలో కొలతలు ఉంటాయి గాని, పూసిన ప్లేటును ఎంతసేపట్లో వాడాలో ఉండకపోవచ్చు; రోజూ చేసేవారికి అది చేతి అలవాటు, ఎవరూ రాసుకోరు. ప్రెస్సులు ఈ పూతను వదిలి, ఎక్కువ కాలం నిలిచే డయాజో అనే మరో రసాయనపు పూతకు మళ్లడానికి ఇదీ ఒక కారణమే.

కనుక పూత ఆరిన వెంటనే, అదే పూట వెలుగు చూపించండి. ద్రావణంలో నారింజ రంగు పోయి పసుపు తేలేవరకు కాస్త అమ్మోనియా కలిపితే చీకటిలో గట్టిపడటం తగ్గుతుంది, కాకపోతే వెలుగు కొంచెం ఎక్కువసేపు చూపాలి. ఈ పనికి వాడిన గిన్నె మళ్లీ వంటింటికి వెళ్లకూడదు. ఆరు వేలన్సీ క్రోమియం క్యాన్సరుకారకం, చేతులకు తొడుగులు తప్పనిసరి, కడిగిన నీళ్లు కాలువలో పోయకూడదు.

నా మాట సరిచూసుకోవడానికి ఒక ఉపాయం ఉంది. ఈసారి వెలుగు చూపేటప్పుడు ప్లేటు అంచున నాలుగు వేళ్ల వెడల్పున నల్ల కాగితం కప్పి, తర్వాత ఎప్పటిలాగే సిరా పూసి కడగండి. కాగితం కింద కూడా పూత వదలకపోతే నేరం చీకటిదీ తేమదీ. అక్కడ శుభ్రంగా వదిలి, మిగతా ప్లేటులో మాత్రం సిరా పట్టితే, వెలుగు మోతాదునో నెగెటివ్‌లో నలుపు చాలకపోవడాన్నో చూసుకోవాలి.