క్రోన్స్ అని రాసే ముందు

చిరంజీవి బుజ్జికి, పెద్దమ్మ ఆశీస్సులు.

ఐబీడీ (పేగుల్లో ఏళ్ల తరబడి వాపు ఉండే జబ్బులు) మీద రీసెర్చ్‌లో చేరావని, ఏ జీన్‌తో మొదలుపెట్టాలో తేలక టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. జీన్ల సంగతి తర్వాత చూద్దువుగాని. నీ రిజిస్టర్‌లోకి ఎవరిని ఎక్కిస్తున్నావో ముందు తేల్చుకో.

మన దేశంలో ఐబీడీ జబ్బుల్లో ఒకటైన క్రోన్స్ మీద పనిచేసేవాళ్లకి పేగుల టీబీ అడుగడుగునా అడ్డం వస్తుంది. చిన్నపేగు పెద్దపేగుతో కలిసే చోటు రెండింటికీ ఇష్టమే. కడుపునొప్పి, జ్వరం, బరువు తగ్గడం రెండింట్లోనూ ఉంటాయి. కొలనోస్కోపీలో (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) పుండ్లు, బయాప్సీ ముక్కలో గ్రాన్యులోమాలు అనే కణాల గుంపులు కూడా అంతే. టీబీ క్రిములు కనిపిస్తే గొడవే లేదు. కానీ పేగు నుంచి తీసిన ముక్కలో అవి చాలామందికి దొరకవు, టీబీ క్రిమి జన్యువుని పట్టే జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్ష కూడా చాలా కేసుల్ని వదిలేస్తుంది. అందుకే ఎటూ తేలనివాళ్లకి ముందు టీబీ మందులు ఇచ్చి చూస్తాం.

జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. "నొప్పి తగ్గిందమ్మా" అని రోగి అనగానే టీబీ అని రాసెయ్యకు. క్రోన్స్ ఉన్నవాళ్లలోనూ కొందరికి ఆ మందులతో కొన్నాళ్లు తెరిపిగా ఉంటుంది. మళ్లీ కొలనోస్కోపీ చేసి పుండ్లు మానాయో లేదో కళ్లారా చూడాల్సిందే. రెండోసారి అనేసరికి ఎవరైనా బెంబేలెత్తుతారు కాబట్టి, కన్సెంట్ తీసుకునే రోజే ఆ మాట చెప్పేయి.

పొరపాటు పడితే పాడయ్యేది పేపరొక్కటే కాదు. టీబీ ఉన్న మనిషికి క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు ఇస్తే జబ్బు ముదురుతుంది. క్రోన్స్‌కి వాడే, రోగనిరోధక శక్తిని అణిచే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందుకి 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. 2001 కల్లా, ఆ మందు వాడినవాళ్లలో టీబీ తిరగబెట్టిన కేసులు జర్నల్‌కెక్కాయి.

అందుకని జబ్బు పేరుకి నీ ఫారంలో రెండు గడులు పెట్టు. చేరిన రోజు ఏమనుకున్నారో ఒకదాంట్లో, చికిత్స అయ్యాక ఏం తేలిందో రెండోదాంట్లో. మధ్యలో పేరు మారినవాళ్లని లెక్కలోంచి తీసేయమని ఎవరైనా అంటే వినకు. నన్నడిగితే నీ థీసిస్‌కి అసలు సరుకు వాళ్లే.

ఈ తికమక ఇప్పటిది కాదులే. 1932లో న్యూయార్క్ మౌంట్ సినాయ్ హాస్పిటల్ నుంచి క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ రాసిన పేపర్‌లో ఉన్నది 14 మంది రోగులే. అప్పటిదాకా అలాంటి పేగుల్లో చాలావాటిని టీబీ కింద జమకట్టేవారు. ఇది వేరే జబ్బని వాళ్లు విడదీసి చూపించారు. పేర్లు అక్షరక్రమంలో వేయడంతో క్రోన్ ముందుకొచ్చాడు, జబ్బు కాస్తా ఆయన ఖాతాలో పడింది! ఆథర్ల వరస గురించి మీ గైడ్‌తో మొదట్లోనే మాట్లాడుకో.

ఇక జీన్లు. 2001లో క్రోన్స్‌తో ముడిపడిన నాడ్2 జీన్ బయటపడినప్పుడు ఎంత సందడి జరిగిందో! యూరప్ వాళ్లలో దొరికిన ఆ మార్పులు మనవాళ్లలో బాగా అరుదు. ఇక్కడ మళ్లీ దానికోసమే వెతకడం నాకైతే డబ్బు దండగ అనిపిస్తుంది. నీకంత మనసుంటే న్యూడ్‌టీ15 చూడు. ఐబీడీకి ఇచ్చే అజాథయోప్రిన్ మందు వేసుకున్న కొందరికి తెల్లరక్తకణాలు ఒక్కసారిగా పడిపోవడానికి ఆ జీన్‌లో మార్పే కారణమని 2014లో కొరియా పరిశోధకులు చూపించారు. మనవాళ్లలోనూ ఆ మార్పు ఉంది. రేపు ఓపీలో డోస్ రాసే డాక్టరుకి అది అక్కరకొస్తుంది.

రోగితో మాట్లాడేటప్పుడు పక్కన చుట్టాలు లేకుండా చూసుకో. ముఖ్యంగా పెళ్లికాని పిల్లలు అత్తయ్య ముందు విరేచనాల లెక్క చెప్పరు. రాత్రి నిద్రలో లేవాల్సి వస్తోందా అని అడుగు. పాత చీటీలన్నీ తెమ్మను, మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి బిళ్లలతో సహా. ఆ బిళ్లలతో మలంలో, పేగు వాపుని చూపే కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్ పెరగొచ్చు. పేగుల టీబీలోనూ పెరుగుతుంది కాబట్టి ఆ పరీక్షతో రెండింటినీ విడదీయలేవు. సిగరెట్ల లెక్క రాసేటప్పుడు క్రోన్స్‌నీ, ఐబీడీలోనే మరో జబ్బైన అల్సరేటివ్ కొలైటిస్‌నీ ఒకే గడిలో కలపకు. పొగతో క్రోన్స్ ముదురుతుంది, కొలైటిస్ మాత్రం పొగ మానేసినవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. అలాగని మానొద్దని ఎవరికీ చెప్పకు తల్లీ.

కాస్త నెమ్మదించగానే జనం రావడం మానేస్తారు. ఇంట్లో ఇద్దరి ఫోన్ నంబర్లు తీసుకో, రానుపోను బస్సు ఛార్జీలు బడ్జెట్‌లో రాసి ఎథిక్స్ కమిటీకి ముందే చూపించు. డ్రాఫ్ట్ అయ్యాక నాకు పంపు, ఫాలో-అప్ పేజీ ముందు చదువుతాను.

మీ పెద్దమ్మ