లెక్క ఎక్కడ తప్పింది? పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: పుట్టి వడ్లు రూ.20,400 అయితే 75 కిలోల బస్తాలు 35 ఎంత పలుకుతాయని అడిగితే, ఏడో తరగతి చదివే మా అబ్బాయి రూ.63,036 తెచ్చాడు. వాళ్ల తాత నోటిలెక్కతోనే 63,000 అన్నారు. ఆ 36 రూపాయలు ఎక్కడివి?
– ఒక తల్లి, కోవూరు

జవాబు: బాబు పద్ధతి తప్పు కాదమ్మా. మధ్యలో సవరించాడు, తేడా అక్కడే వచ్చింది. 35 బస్తాలు అంటే 35 × 75 = 2,625 కిలోలు. దాన్ని మన నెల్లూరు పుట్టి 850 కిలోలతో భాగిస్తే 3.088... అని తెగకుండా పోతుంది. దాన్ని 3.09 చేసి 20,400తో గుణించి ఉంటాడు. పెంచింది రవ్వంతే అయినా, అన్ని రెట్లయ్యేసరికి 36 రూపాయలైంది.

తాతగారి దారి బహుశా ఇది: 3 పుట్లు 2,550 కిలోలు, వాటికి 61,200. మిగిలింది సరిగ్గా ఒక్క బస్తా, దానికి 1,800. చక్కటి లెక్క, బాబుకీ నేర్పించమనండి.

నోటుపుస్తకంలో అయితే ముందు కిలో ధర తేల్చాలి. 20,400 ÷ 850లో రెండు వైపులా ఒక్కో సున్నా కొట్టేస్తే 2,040 ÷ 85. 85 రెళ్లు 170. 204లో 170 పోతే 34. సున్నా దించితే 340. 85 నాలుగులు 340. శేషం లేదు, కిలో 24 రూపాయలు. 2,625 × 24 = 63,000.

పుట్టి ధర 20,500 అయితే కిలో ధర ఇలా తెగదు. అప్పుడు 2,625ని 20,500తో ముందు గుణించి, ఆ తర్వాతే 850తో భాగించాలి. సవరింపు ఆఖర్న ఒక్కసారే.

ప్రశ్న: రూ.40,000 అప్పు, 2 రూపాయల వడ్డీ, 1 సంవత్సరం 3 నెలలు. బారువడ్డీ సూత్రంలో వేస్తే పాపకు రూ.1,040 వచ్చింది. ఇంత తక్కువా?
– ఒక తండ్రి, కందుకూరు

జవాబు: మీ అనుమానం నిజమే, ఇందులో రెండు తప్పులున్నాయి. ఊళ్లో రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు నూటికి రెండు. బడిపుస్తకంలో రేటు సంవత్సరానికి, కాబట్టి 24 శాతం వేయాలి. రెండోది, పాప కాలాన్ని 1.3 అని రాసింది. బిందువు పక్కన 3 అంటే పదింట మూడు వంతులు. సంవత్సరానికి నెలలు పన్నెండు కదా. 3 నెలలంటే పావు, అందుకని 1.25.

40,000 × 24 × 1.25 ÷ 100 = 12,000. నెలల్లో సరిచూడండి: 40,000లో నూర్లు 400, నెలకు 800, 15 నెలలకు 12,000.

రేటు మాత్రం దిద్ది 1.3ని వదిలేస్తే 12,480 వస్తుంది. జవాబుకు దగ్గరగా ఉండడం వల్ల ఈ తప్పు కంటికి ఆనదు, దీన్నే ఎక్కువ గమనించాలి.

ప్రశ్న: మూడో తరగతి పిల్ల 5,003 – 1,678 = 4,675 అంటోంది. ఎన్నిసార్లు చెప్పినా అంతే.
– పొదిలి నుంచి

జవాబు: ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్నదాన్ని తీసేస్తోంది: 8లో 3, 7లో 0, 6లో 0. పైదాంట్లోంచే కిందిది పోవాలన్నది ఇంకా పట్టుబడలేదు. కాగితం నోట్లు చేసి చూపించండి. ఐదు వెయ్యి నోట్లు, మూడు రూపాయి బిళ్లలు. ఒక వెయ్యిని చిల్లర మారిస్తే 9 వందలు, 9 పదులు, 10 రూపాయలు. ఇప్పుడు వరసగా 4, 9, 9, 13. వాటిలోంచి 1, 6, 7, 8 తీస్తే 3,325. జవాబు 3,435 వచ్చిందంటే మాత్రం అప్పు తెచ్చింది గానీ, మధ్య సున్నాలను 9 చేయకుండా 10గానే ఉంచేసిందని అర్థం.

ప్రశ్న: 30 అడుగులు × 48 అడుగుల స్థలం ఎన్ని అంకణాలు? మావాడు 240 అంటున్నాడు.
– కావలి నుంచి

జవాబు: 40. మన దగ్గర అంకణం 6 × 6, అంటే 36 చదరపు అడుగులు. మీవాడు 1,440ని 6తోనే భాగించాడు. 30లో ఆరడుగులు ఐదు, 48లో ఎనిమిది. గీతలు గీసి గళ్లు లెక్కపెట్టించండి.