నాయన పోయి ఏడు నెలలైనా అమ్మ కోలుకోవడం లేదు... ఏం చేయాలి?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. నాయన ఏడు నెలల క్రితం గుండెపోటుతో పోయారు. ఆ రాత్రి గుండెల్లో మంటగా ఉందంటే గ్యాస్ అనుకుని అమ్మ మజ్జిగ కలిపిచ్చింది. గంటలోపే ప్రాణం పోయింది. అమ్మకు 58 ఏళ్లు, షుగర్, బీపీ ఉన్నాయి. పొద్దున ఓ ముద్ద తింటే రాత్రికి ఏమీ ముట్టదు. నిద్ర పట్టడం లేదని నాలుగు నెలలుగా మందుల షాపులో తెచ్చిన అల్ప్రజోలం 0.5 రోజూ వేసుకుంటోంది. తెల్లవారుజామున వసారాలో నాయన దగ్గు వినిపిస్తా ఉందంటుంది. చుట్టాలు గాలి సోకిందంటున్నారు. గుర్తుకు రాకూడదని నాయన ఫొటో, చొక్కాలు, సైకిల్ అన్నీ తీసేశాం. ఇది పిచ్చికి దారి తీస్తుందా? నిద్రమాత్ర మాన్పించేయవచ్చా?
- ఓ పాఠకుడు, నెల్లూరు జిల్లా

జవాబు: ముందు షుగర్ సంగతి తేల్చుకోండి. అమ్మగారు ఏ మాత్ర వాడుతున్నారో మీరు రాయలేదు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివైతే తిన్నా తినకున్నా ఒంట్లో ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటాయి. రాత్రి పస్తుండి మాత్ర మింగితే తెల్లవారుజాముకు చక్కెర పడిపోయి చెమటలు, గుండెదడ, వణుకు, తికమక వస్తాయి. ఇంట్లోవాళ్లు దాన్ని దిగులు ఖాతాలోనో, గాలి ఖాతాలోనో వేసేస్తుంటారు. వారం రోజులు పరగడుపున, రాత్రి పడుకునే ముందు గ్లూకోమీటర్‌తో చూసి కాగితం మీద రాయండి. అందులో రెండు రోజులు తెల్లవారుజామున మూడు గంటలకూ చూడండి. 70 కన్నా తక్కువుంటే అర గ్లాసు నీళ్లలో మూడు చెంచాల పంచదార కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూడండి. ఇంకా తక్కువే ఉంటే మరోసారి ఇవ్వండి. 70 దాటాక ఇడ్లీయో అన్నమో పెట్టండి. మగతలో ఉంటే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతుంటే ఈ భయం తక్కువ. ఏదైనా సరే, ఆ కాగితం పట్టుకెళ్లి షుగర్ డాక్టర్‌తో మోతాదు సరిచేయించండి.

నిద్రమాత్రను ఒక్కసారిగా ఆపొద్దు. నాలుగు నెలలు రోజూ వేసుకున్నాక మెదడు దానికి అలవాటు పడి ఉంటుంది. ఉన్నట్టుండి మానేస్తే నిద్ర పూర్తిగా పోవడం, వణుకు, ఆందోళన, కొందరిలో ఫిట్స్ కూడా రావచ్చు. అలాగని కొనసాగించడమూ మంచిది కాదు. ఇలాంటి మాత్రల మీదున్న పెద్దవాళ్లు రాత్రి బాత్రూముకు లేచినప్పుడు తూలి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకునే ముప్పు ఎక్కువ. పైగా ఇది దుఃఖాన్ని తగ్గించే మందు కాదు. డాక్టర్ పర్యవేక్షణలో రెండు మూడు వారాలకోసారి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి, రెండు మూడు నెలలు పట్టినా కంగారు లేదు. అన్నట్టు, ఇది షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టర్ చీటీ లేకుండా షాపువాళ్లు అమ్మకూడదు.

ఇక దగ్గు సంగతి. ఇది పిచ్చి కాదు, గాలి అంతకన్నా కాదు. బ్రిటన్‌లోని వేల్స్‌లో ఒక వైద్యుడు భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందిని అడిగి 1971లో ప్రచురించిన అధ్యయనంలో, దాదాపు సగం మంది పోయినవారి ఉనికి ఏదో ఒక రూపంలో తెలిసిందని చెప్పారు. అందులో ఎక్కువమంది ఆ మాట అంతకుముందు ఎవరితోనూ అనలేదు. ఏళ్ల తరబడి ఆ వేళకు ఆ చప్పుడు విని లేచిన చెవి అంత త్వరగా మానుకోదు. అమ్మ చెప్పినప్పుడు కొట్టిపారేయకండి, భయపడకండి. ‘ఆ వేళకే లేచేవాళ్లు కదమ్మా’ అంటే చాలు. ఆ గొంతు ‘నువ్వూ వచ్చేయ్’ అని పిలుస్తున్నా, ఫలానా పని చేయమని ఆదేశిస్తున్నా, పగలంతా వినిపిస్తున్నా అదే రోజు మానసిక వైద్యుడికి చూపించాలి.

ఫొటో, సైకిల్ తీసేయడం మాత్రం పొరపాటే. మీ ఉద్దేశం మంచిదే కానీ, ఆయన ఊసే ఎత్తని ఇంట్లో ఆమె ఏడుపును లోపలే దాచుకోవాల్సి వస్తుంది. ఫొటో మళ్లీ గోడకు తగిలించండి. చొక్కాల్లో ఏవి ఉంచాలో, ఏవి ఎవరికివ్వాలో ఆమెనే తేల్చనివ్వండి.

అమ్మను లోపల తొలిచేస్తున్నది బహుశా ఆ మజ్జిగ గ్లాసు. ‘నీ తప్పేం లేదులే’ అని ఒక్క మాటతో తేల్చేస్తే ఆ మాట ఆమెకు ఎక్కదు. తీరిగ్గా కూర్చోబెట్టి ఆ రాత్రి ఏం జరిగిందో మొదట్నించి చెప్పించండి: ఎన్నింటికి లేచారు, ఏమన్నారు, తాను ఏం చేసింది. మధ్యలో అడ్డు రావద్దు. ఏడిస్తే ఏడవనివ్వండి. అంతా అయ్యాక, గుండెపోటు చాలాసార్లు అచ్చం గ్యాస్ మంటలాగే వస్తుందని, చదువుకున్నవాళ్లూ పోల్చుకోలేరని, మజ్జిగ వల్ల ప్రాణం పోదని చెప్పండి. ఇదే మాట డాక్టర్ నోట కూడా వింటే ఇంకా మంచిది. నాలుగైదుసార్లు చెప్పించుకోవాల్సి రావచ్చు. అన్నట్టు, అమ్మకే ఎప్పుడైనా గుండెల్లో మంటో, ఆయాసమో వస్తే గ్యాస్ అనుకోకుండా వెంటనే ఈసీజీ తీయించండి. షుగరున్నవారిలో గుండెపోటు నొప్పి లేకుండానూ రావచ్చు. తీవ్ర దుఃఖంలో కొందరు ఆడవాళ్లకు గుండె కండరం తాత్కాలికంగా బలహీనపడే జబ్బూ ఉంది.

సంవత్సరీకం అయ్యేదాకా గుడికీ శుభకార్యాలకూ వెళ్లకూడదని ఆమెను ఇంట్లోనే కూర్చోబెట్టేసి ఉంటారు. కాలవ గట్టు మీద నడవొద్దని ఏ ఆచారమూ చెప్పలేదు. రోజూ ఏడు గంటలకల్లా ఎవరో ఒకరు తోడెళ్లి ఇరవై నిమిషాలు నడిపించండి. పొద్దుటి వెలుతురు రాత్రి నిద్రను గాడిలో పెడుతుంది. పగటి నిద్ర అరగంటకు మించనివ్వొద్దు, మధ్యాహ్నం రెండు తర్వాత కాఫీ వద్దు. రాత్రికి ఒంటరిగా కంచం ముందు కూర్చోబెట్టకుండా మీరూ కలిసి కూర్చుని పెరుగన్నమైనా తినిపించండి.

ఏడు నెలల దుఃఖం జబ్బేనా అంటే కచ్చితంగా చెప్పలేం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఆరు నెలలు, అమెరికా మానసిక వైద్యుల లెక్కలో ఏడాది దాటాక కూడా రోజూ తీవ్రంగా ఉండి, బతుకు సాగనివ్వకపోతే దీర్ఘకాలిక దుఃఖ రుగ్మత అంటారు. మనవడు వచ్చినప్పుడు కాసేపు నవ్వడం, ఒక పూట వంట చేయడం లాంటివి మొదలయ్యాయా, గమనించండి. అవేవీ లేకుండా, ‘నేనెందుకు పనికొస్తాను’ అనే ధోరణి రోజంతా ఉంటే డిప్రెషన్ కావచ్చు. దానికి మందులున్నాయి, గుణం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

‘చనిపోవాలనిపిస్తోందా అమ్మా’ అని సూటిగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు. ఎలా ఉన్నా సరే, పొలం పురుగుమందు డబ్బాలు ఈ రోజే ఇంట్లోంచి తీసేయండి, మాత్రలు మీ దగ్గరుంచుకుని ఏ పూటకాపూట ఇవ్వండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం ‘టెలీ మానస్’ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. పొద్దున్నే ఓపీకి వెళ్లండి. షుగర్ రాసిన కాగితం, వాడుతున్న అన్ని మాత్రల స్ట్రిప్పులు, ఖాళీవైనా సరే, వెంట తీసుకెళ్లండి.